అల్లిన ఊలు మీద ఫెల్టింగ్ నగిషీలు: సునాబెడలో నా అనుభవం

స్వెట్టర్‌ని వేడినీళ్లలో వేసి బట్టల సబ్బుతో గట్టిగా ఉతికితే ఏమవుతుందో చలి ఊళ్లలో ఉండేవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. పెద్దవాళ్లది పిల్లలకి సరిపోయేంత చిన్నదైపోతుంది. కుట్లు ఒకదానిలో ఒకటి కలిసిపోయి గుడ్డ మందంగా, గట్టిగా తయారవుతుంది. ఈ పనిని కావాలనే, కొలత చూసుకుని చేస్తే దాన్ని ఫెల్టింగ్ అంటారు. కిందటి చలికాలమంతా నేను ఈ పని మీదే ఉన్నాను. ఊలుని ఫెల్ట్ చెయ్యడం వరకే అయితే ఇంత రాయాల్సిన పని లేదు. దాని మీద నగిషీ ఎన్ని రకాలుగా చెయ్యొచ్చో ఒక్కొక్కటీ చేసి చూశాను. చేసిన కొద్దీ అర్థమైంది ఏమిటంటే, ఊలుని దగ్గరపడనివ్వడం తేలికే, ఎక్కడ దగ్గరపడకుండా ఆపాలో తెలుసుకోవడంలోనే పనితనమంతా ఉంది.

మేముండేది ఒడిశాలో, కోరాపుట్ జిల్లా సునాబెడలో. సాలూరు నుంచి ఘాట్ రోడ్డెక్కి సుంకి, పొట్టంగి, సెమిలిగుడా దాటితే మా ఊరు. ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తయిన దేవమాలి శిఖరం, 1672 మీటర్లది, మా వైపే. డిసెంబరు, జనవరుల్లో పొద్దున్నే మంచు కమ్ముకుని ఎదురిల్లు కనపడదు. 1960ల్లో ఇక్కడ మిగ్ యుద్ధ విమానాల ఇంజన్ల కోసం హెచ్‌ఏఎల్ (హిందుస్థాన్ ఏరోనాటిక్స్) ఫ్యాక్టరీ పెట్టారు. దాంతో దేశం నలుమూలల నుంచీ కుటుంబాలు వచ్చి స్థిరపడ్డాయి. మావాళ్లలాగే శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్లు వీధికి నాలుగిళ్లయినా ఉంటారు. మా పక్క క్వార్టర్‌లో పంజాబీ ఆంటీ ఉంటారు. నాకు అల్లిక నేర్పింది ఆవిడే. సీదా కుట్టు, ఉల్టా కుట్టు, అంచు మూయడం, అన్నీ ఆవిడ చేతి చలవే. ఊలు వస్తువుని వేడినీళ్లలో పెట్టకూడదని నాకు గట్టిగా చెప్పింది కూడా ఆవిడే. అందుకే నేను కొత్త ఊలు అల్లి మరీ వేడినీళ్లలో వేస్తానంటే మొదట్లో ఆవిడకి నచ్చలేదు. "బేటీ, అంత కష్టపడి అల్లింది ఎవరైనా పాడు చేసుకుంటారా?" అన్నారు.

అసలు చిక్కు ఊలు దొరకడం దగ్గరే మొదలైంది. మన బజార్లలో ఊలు ఉండలని అమ్మేవాటిలో ఎక్కువ భాగం యాక్రిలిక్. అది ప్లాస్టిక్ జాతిది, ఎంత ఉడకబెట్టినా దగ్గరపడదు. మా జిల్లాలోనే ఉన్న జయపురంలో ఒక కొట్టు అతను అసలు సిసలు ఊలని ఎక్కువ ధర చెప్పి రెండు ఉండలిచ్చాడు. ఇంటికొచ్చి చిన్న దారం ముక్క కాల్చి చూస్తే నల్లటి పొగతో కరిగి, చల్లారాక గట్టి పూస అయింది. అసలు ఊలు అలా కరగదు. కాలుతుంటే జుట్టు కాలిన వాసన వస్తుంది, మంట తీసేస్తే దానంతటదే ఆరిపోతుంది, మిగిలిన బొగ్గుని వేళ్లతో నలిపితే పొడైపోతుంది. ఊలూ వెంట్రుకా రెండూ కెరటిన్ అనే మాంసకృత్తే కాబట్టి వాసన ఒకటే. ఈ పరీక్ష సింకు దగ్గర, పక్కన నీళ్లు పెట్టుకుని చెయ్యండి. కొట్లోనే చిన్న ముక్క అడిగి తెచ్చుకుంటే ఇంకా మంచిది.

చివరికి మెరినో ఊలు, అంటే మెరినో జాతి గొర్రెలది, ఆన్‌లైన్‌లో తెప్పించాను. అక్కడ కూడా ఒక మెలిక ఉంది. లేబుల్ మీద సూపర్‌వాష్ అనిగానీ, మెషిన్‌లో ఉతకొచ్చని గానీ ఉంటే అది వంద శాతం ఊలే అయినా ఫెల్ట్ కాదు. ఫ్యాక్టరీలో దాన్ని క్లోరిన్‌తో శుద్ధి చేసి, పైన పల్చటి రెసిన్ పూత పూస్తారు. దగ్గరపడకుండా ఉండటానికే ఆ ఏర్పాటు. మనకి కావాల్సింది చేత్తో మాత్రమే ఉతకాలని రాసి ఉండేది. తెల్లరంగు విషయంలో ఇంకో జాగ్రత్త కావాలి. బాగా బ్లీచ్ చేసిన తెల్ల ఊలు తక్కిన రంగులంత బాగా దగ్గరపడదు. నేను సహజమైన మీగడ రంగు తీసుకున్నాను, బ్రహ్మాండంగా వచ్చింది.

ఊలు ఎందుకిలా చేస్తుందో తెలిస్తే పని సగం తేలికవుతుంది. ఒక్కో ఊలు పోగు మీద కంటికి కనిపించని పొలుసులు ఉంటాయి, అన్నీ కొసవైపే తిరిగి ఉంటాయి. తడి, వేడి తగిలితే అవి కొంచెం పైకి లేస్తాయి. సబ్బు పోగుల్ని జారేలా చేస్తుంది. ఆ స్థితిలో అటూ ఇటూ పిసికితే ప్రతి పోగూ ఒకే దిక్కుకి, మొదలు వైపుకి జరుగుతుంది. పొలం గట్టు మీద నడిచినప్పుడు చీర అంచుకి గుచ్చుకున్న గడ్డి ముల్లు లోపలికే పాకుతుంది తప్ప వెనక్కి రాదు చూడండి, అచ్చం అదే వరస. పక్క పోగుల పొలుసులు దీన్ని వెనక్కి రానివ్వవు. అందుకే ఫెల్ట్ అయిన ఊలుని మళ్లీ విడదియ్యలేం. కేవలం వేడితో ఇది జరగదు, కదలిక ఉండాలి. నీళ్లు ఎంత వేడిగా ఉన్నా కదపకుండా వదిలేస్తే పెద్దగా ఏమీ కాదు.

ఈ కదలికని ఏ చోట అడ్డుకుంటే ఆ చోట ఊలు మామూలుగా ఉండిపోతుంది. కింద చెప్పబోయే పద్ధతుల్లో చాలావాటికి మూలం ఇదే.

ముందు నగిషీ ఏమీ లేకుండా ఒక నమూనా ముక్క అల్లాను. ఎనిమిది ప్లై (మధ్యరకం మందం) ఊలుకి మామూలుగా 8 నంబరు సూదులు, అంటే 4 మిల్లీమీటర్లవి వాడతాం. ఫెల్టింగ్‌కి అల్లిక వదులుగా ఉండాలి, పోగులు కదలడానికి చోటు కావాలి. అందుకని 5 నంబరు, 5.5 మిల్లీమీటర్ల సూదులు తీసుకున్నాను. మన దగ్గర దొరికే సూదులకి నంబరు తగ్గే కొద్దీ లావు పెరుగుతుందని గుర్తుంచుకోండి. 44 కుట్లు ఎక్కించి, ఒక వరుస సీదా, ఒక వరుస ఉల్టాగా 56 వరుసలు అల్లాను. వెడల్పు 24 సెంటీమీటర్లు, ఎత్తు 25 వచ్చింది. ఫెల్ట్ అయ్యాక వెడల్పు 18, ఎత్తు 16. వెడల్పులో పాతిక శాతం పోతే ఎత్తులో 36 శాతం పోయిందన్నమాట. ఈ రకం అల్లిక ఎప్పుడూ అడ్డం కంటే నిలువులోనే ఎక్కువ తగ్గుతుంది. అందుకే చతురస్రం కావాలంటే పొడుగ్గా అల్లుకోవాలి. ఊలు మారితే లెక్క మారుతుంది. ప్రతి కొత్త ఊలుకీ నమూనా ముక్క తప్పదు. ఇది విసుగు పని అనుకోకండి, నాకైతే అందులోనే అసలు సరదా కనిపించింది.

ఫెల్ట్ చేసే తీరు ఇది. బకెట్లో సగం మరిగిన నీళ్లు, సగం కుళాయి నీళ్లు పోస్తే సరైన వేడి వస్తుంది. తురిమిన బట్టల సబ్బు గుప్పెడు వెయ్యాలి. సబ్బుకి ఉండే క్షారగుణం పొలుసుల్ని లేపుతుంది. అలాగని వాషింగ్ సోడా వెయ్యకూడదు, అంత ఘాటు ఊలునే తినేస్తుంది. ఎంజైములున్న డిటర్జెంట్లు కూడా వద్దు. మాంసకృత్తుల మరకల్ని కరిగించేందుకు వేసే ఎంజైములకి ఊలు కూడా మాంసకృత్తే. చేతికి రబ్బరు గ్లౌజులు వేసుకుని, ముక్కని మొదట మెల్లగా, తర్వాత గట్టిగా పిసకాలి. కాసేపటి వరకూ ఏమీ కాదు, పైగా ముక్క సాగినట్టు అనిపిస్తుంది. ఇక్కడే చాలామంది టెన్షన్ పడి ఆపేస్తారు. ఆపకూడదు. ఉన్నట్టుండి చేతికి తేడా తెలుస్తుంది, గుడ్డ బిగుసుకోవడం మొదలవుతుంది. అక్కడి నుంచి పని వేగంగా నడుస్తుంది కాబట్టి మాటిమాటికీ తీసి చూస్తుండాలి. రెండు చేతులతో లాగి చూసినప్పుడు కుట్లు విడివిడిగా కనపడకపోతే అయినట్టు. ఆఖరున చల్లనీళ్లలో సబ్బు పోయేదాకా జాడించి, బకెట్ నీళ్లకి రెండు చెంచాల వెనిగర్ కలిపి ముంచితే మిగిలిన క్షారం పోతుంది.

ఇక నగిషీల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది గోళీల పద్ధతి. అల్లిన ముక్కని ఫెల్ట్ చెయ్యకముందే దాని వెనక నుంచి ఒక గోళీ పెట్టి, ముందువైపు నుంచి మెడ దగ్గర నూలు దారంతో బిగించి కట్టాలి. అలా వరసగా ఎన్ని కావాలంటే అన్ని. ఆ తర్వాత మొత్తాన్ని ఫెల్ట్ చేస్తే గోళీ మీద సాగి ఉన్న ఊలు కుదించుకోవడానికి వీల్లేక అలాగే ఆగిపోతుంది, చుట్టూ ఉన్న గుడ్డ మాత్రం దగ్గరపడుతుంది. ఆరాక దారం కోసి గోళీ తీసేస్తే అక్కడ బుడిపె నిలిచిపోతుంది. నొక్కితే లోపలికి పోయి, వదిలితే మళ్లీ పైకి వస్తుంది. ఒడిశాలో ఉంటూ బంధా (ఇకత్) చీరల పేరు వినని వాళ్లుండరు. అక్కడ నూలుని కట్టి రంగు పట్టకుండా ఆపుతారు, ఇక్కడ అల్లికని కట్టి దగ్గరపడకుండా ఆపుతాం. కట్టు వదులైతే అక్కడ రంగు పాకుతుంది, ఇక్కడ బుడిపె చదునవుతుంది. చేతిలో ఉండాల్సిన ఓపిక రెండింటికీ ఒకటే.

ఈ పద్ధతిలో గమనించిన విషయాలు కొన్ని వివరంగా చెప్తాను. కట్టడానికి నూలు దారమే వాడాలి. ఊలు దారంతో కడితే అది గుడ్డతో కలిసి ఫెల్ట్ అయిపోయి ఊడదు. రబ్బరు బ్యాండ్లు త్వరగా కట్టుకోవచ్చు గానీ వేడినీళ్లలో సాగిపోతాయి, నాకు నూలే మేలనిపించింది. ముదురు రంగు ఊలు మీద తెల్ల నూలు కడితే కోసేటప్పుడు కంటికి తెలుస్తుంది. గోళీలు కట్టిన ముక్కని వాషింగ్ మెషిన్‌లో వెయ్యొద్దు. డ్రమ్ముకి కొట్టుకుని గాజు పగిలే ప్రమాదం ఉంది, గోలకైతే అంతే లేదు. బకెట్లో చేత్తోనే చెయ్యాలి. గోళీల మధ్య జాగాలో వేళ్లతో విడిగా రుద్దాలి, లేకపోతే అక్కడ ఊలు వదులుగా మిగిలిపోతుంది.

గోళీలకి బదులు కుంకుడు గింజలు కూడా కట్టి చూశాను. మా అత్తయ్య తలంటుకి కుంకుడుకాయలు కొట్టినప్పుడల్లా నల్లటి గింజలు డబ్బాలో దాస్తారు. అవి గుండ్రంగా, రాయిలా గట్టిగా ఉంటాయి, వేడినీళ్లకి చెదరవు. గోళీతో పెద్ద బుడిపెలొస్తే కుంకుడు గింజతో చిన్నవి, దగ్గరదగ్గరగా పెట్టుకోగలిగినవి వచ్చాయి. మధ్యలో గోళీ, చుట్టూ కుంకుడు గింజలు కట్టి పువ్వులా చేసిన ముక్క చూసి ఆంటీకి మనసు మారింది. దాన్ని చాలాసేపు చేతిలో పట్టుకుని నొక్కి చూస్తూ ఉండిపోయారు. మర్నాడు తనే కుర్చీ తెచ్చుకుని నా పక్కన కూర్చుని గింజలు కట్టారు.

ఓపిక పట్టాల్సింది ఆరబెట్టడం దగ్గర. గోళీలు లోపలుండగానే పూర్తిగా ఆరాలి. తడిమీద తీసేస్తే బుడిపె కూలిపోతుంది. మా మంచులో మందపాటి ఫెల్ట్ ఆరడానికి రెండు మూడు రోజులు పడుతుంది. పొద్దెక్కాక ఎండ పడే గోడవైపు చాప మీద పరిచి, సాయంత్రం లోపలికి తెచ్చుకునేదాన్ని.

రెండో పద్ధతి ఊలుతోపాటు ఫెల్ట్ కాని దారాన్ని కలిపి అల్లడం. ఇక్కడ నాకు మా జిల్లా బాగా కలిసొచ్చింది. జయపురం అవతల కోట్‌పాడ్ అనే ఊరుంది. అక్కడి మిర్గాన్ నేతగాళ్లు ఆల్ చెట్టు వేరు బెరడుతో నూలుకి ముదురు ఎరుపు, గోధుమ రంగులు అద్దుతారు. నూలుకి ముందు ఆముదం, పేడ, బూడిద పట్టించి రోజుల తరబడి సిద్ధం చేస్తారు. 2005లో కోట్‌పాడ్ చేనేతకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. తెలిసినవాళ్ల ద్వారా ఆ రంగు నూలు కొంచెం సంపాదించాను. చేనేత నూలు సన్నం కాబట్టి చాలా పోగులు కలిపి పట్టుకుని అల్లాల్సి వచ్చింది. మీగడ రంగు ఊలు ఎనిమిది వరుసలు, కోట్‌పాడ్ నూలు నాలుగు వరుసలు, మళ్లీ ఊలు, మళ్లీ నూలు.

వేడినీళ్ల నుంచి తీసేసరికి ఊలు చారలు గట్టిగా దగ్గరపడ్డాయి. నూలు మాత్రం అల్లినంత వెడల్పూ ఉండిపోయింది కదా, ఉన్న చోటు చాలక కుచ్చులు కుచ్చులుగా పైకి ఉబికింది. మీగడ రంగు గుడ్డ మధ్యలో ముదురెరుపు కుచ్చులు. చీర అంచుకి ఫ్రిల్ కుట్టినప్పుడు కూడా అంత పొందికగా రావు. ఎన్నో ఉతుకులు చూసిన రంగు కావడంతో వేడినీళ్లకి, సబ్బుకి కూడా పక్క చారలకి రంగు అంటలేదు. దారం కుచ్చు ఎంత ఎత్తు లేవాలనేది నూలు వరుసల సంఖ్య మీద ఆధారపడి ఉంటుంది. రెండు వరుసలైతే చిన్న గీటు, నాలుగైతే అల, ఆరు దాటితే వేలాడిపోయి అందం పోతుంది. నూలుకి బదులు మిగిలిపోయిన యాక్రిలిక్ కూడా వాడుకోవచ్చు, అదీ దగ్గరపడదు కాబట్టి పని జరుగుతుంది. జయపురం ఉండలు రెండూ అలాగే ఖర్చయ్యాయి. కానీ చేత్తో తాకితే ఏది నూలో, ఏది ప్లాస్టికో వెంటనే తెలుస్తుంది.

రెండు రంగుల ఊలుతో పువ్వులు అల్లి ఫెల్ట్ చెయ్యడం గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు. గీతలు మెత్తబడి ఒకదానిలోకి ఒకటి కలిసినట్టు అవుతాయి. సన్నటి డిజైన్లు కనపడకుండా పోతాయి, పెద్ద ఆకారాలు, బాగా తేడా ఉన్న రంగులు నిలుస్తాయి. ఎరుపు, ముదురు నీలం వాడేవాళ్లు ముందు దారం ముక్కని వేడి సబ్బునీళ్లలో వేసి రంగు వదులుతుందేమో చూసుకోవాలి.

మూడోది సూదితో ఫెల్ట్ చెయ్యడం. దీనికి నీళ్లు, సబ్బు ఏమీ అక్కర్లేదు. ఫెల్టింగ్ సూది మూడు పలకలుగా ఉంటుంది, అంచుల మీద కిందికి చూసే చిన్న చిన్న గాట్లు ఉంటాయి. ఊలు దూదిని గుడ్డ మీద పెట్టి సూదితో పొడిచిన ప్రతిసారీ ఆ గాట్లు కొన్ని పోగుల్ని గుడ్డలోకి తోసి వదిలేస్తాయి. పొడిచి పొడిచి పువ్వులు, ఆకులు, గీతలు ఏవైనా గుడ్డలో భాగం చెయ్యొచ్చు. ఈ సూదులు మొదట ఫ్యాక్టరీల్లో నేత లేని గుడ్డలు తయారుచేసే యంత్రాల కోసం వచ్చినవి. చేతిపనికి వాడటం అమెరికాలో 1980ల్లో మొదలైంది. సూదుల్లో 36, 38, 40 నంబర్లు దొరుకుతాయి. నంబరు పెరిగితే సూది సన్నం. ముందు 36తో అతికించి, 38తో ఆకారం దిద్ది, 40తో పైన నున్నగా చేస్తే పని శుభ్రంగా వస్తుంది.

సూది నిటారుగా దిగాలి, దిగిన దారినే పైకి రావాలి. పక్కకి వంచితే మొన విరిగి గుడ్డలో ఉండిపోతుంది. కింద మందపాటి స్పాంజి ముక్క తప్పనిసరి. ఎడమచేతి వేళ్లకి తోలు తొడుగులు ఉంటే మంచిది, నేను పాత తోలు పర్సు కోసి కుట్టుకున్నాను. ఈ సూది వేలికి దిగితే గాట్ల వల్ల మామూలు సూదికంటే బాగా నొప్పి పెడుతుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో వీటిని లెక్కపెట్టి తియ్యాలి, లెక్కపెట్టి దాచాలి.

ఊలు దూది విడిగా అమ్ముతారు గానీ ప్రతి రంగుకీ తెప్పించుకోవడం ఖర్చుతో కూడుకున్న పని. మిగిలిన ఊలు దారం ముక్కల పురి విప్పి, కుక్కల జుట్టు దువ్వే తీగల బ్రష్‌లు రెండు తీసుకుని వాటి మధ్య దువ్వితే చక్కటి దూది వస్తుంది. రెండు రంగులు కలిపి దువ్వితే మధ్యరంగు కూడా వస్తుంది. నా ఆకుపచ్చలన్నీ అలా వచ్చినవే.

సూదిపని ఎప్పుడు చెయ్యాలన్నది ముఖ్యమైన ప్రశ్న. ఫెల్ట్ చెయ్యకముందు అల్లిక మీద పొడిచి, తర్వాత వేడినీళ్లలో వేస్తే ఆకారం గుడ్డతోపాటు కుదించుకుని, అంచులు కరిగిపోయి నీటిరంగుల బొమ్మలా మెత్తగా వస్తుంది. ఉతికినా ఊడదు. ఫెల్ట్ అయ్యాక ఆరిన గుడ్డ మీద పొడిస్తే గీత గీసినంత స్పష్టంగా ఉంటుంది గానీ అంత గట్టిగా పట్టదు. గోడకి వేలాడదీసే వాటికి రెండోది సరిపోతుంది. రోజూ వాడే సంచికీ టోపీకీ నేనైతే మొదటిదే చేస్తాను. పెద్ద ఆకారాలు ముందు పెట్టి ఫెల్ట్ చేసి, ఆరాక వాటి అంచుల్ని మాత్రం సన్న సూదితో దిద్దితే రెండు లాభాలూ దక్కుతాయి.

ఏ బొమ్మ వెయ్యాలా అని ఆలోచించినప్పుడు మొదట మనసులోకి వచ్చింది కప్‌డాగండా. మా పక్క రాయగడ జిల్లాలో నియమగిరి కొండల డోంగ్రియా కోంధ్ గిరిజన ఆడవాళ్లు కుట్టే శాలువా అది. మీగడ రంగు గుడ్డ మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారాలతో గీతలు, త్రికోణాలు కుడతారు. ఆ త్రికోణాలు వాళ్ల కొండలకి గుర్తు. 2024లో దానికీ భౌగోళిక గుర్తింపు దక్కింది. చూస్తే ఎవరికైనా అలాగే వెయ్యాలనిపిస్తుంది. కానీ అది వాళ్లు తమ కొండల్ని, తమ వాళ్లని తలుచుకుని కుట్టుకునేది. నేను ఊలు సంచి మీద దించేసుకుంటే న్యాయంగా తోచలేదు. మా వంటింటి కిటికీలోంచి కనిపించే కొండల వరస, వాటి కింద వలిసెల (పసుపు పూల నూనెగింజల పైరు) తోటలు వేశాను. వలిసెలు పూసే రోజుల్లో కోరాపుట్ చూసినవాళ్లకి ఆ పసుపు గురించి చెప్పక్కర్లేదు. మూడు రకాల పసుపు కలిపి దువ్విన దూదితో చుక్కలు చుక్కలుగా పొడిచాను.

నాలుగోది కత్తిరింపు పని. అల్లికని కత్తెరతో కోస్తే మామూలుగా కుట్లన్నీ జారిపోతాయి. బాగా ఫెల్ట్ అయిన గుడ్డ అలా జారదు, అంచు మడిచి కుట్టాల్సిన పని కూడా లేదు. మొదటిసారి కత్తెర పెట్టేటప్పుడు గుండె దడదడలాడింది, కోశాక ఒక్క పోగు కూడా కదలకపోవడం చూస్తే ఆ సంతోషం వేరు. ఆకారాలు కోసి మరో ఫెల్ట్ మీద కుట్టొచ్చు, లేదా పై గుడ్డలో కిటికీలు కోసి కింద వేరే రంగు గుడ్డ కనపడేలా పెట్టొచ్చు. సైబీరియాలోని పజిరిక్ సమాధుల్లో మంచు గడ్డల మధ్య సుమారు 2,400 ఏళ్లనాటి ఫెల్ట్‌లు దొరికాయి. గుర్రపు జీనుల మీద పరిచినవీ, గోడలకి కట్టినవీ, రంగు రంగుల ఫెల్ట్ ముక్కలు కోసి అతికి కుట్టినవి. ఇప్పుడవి రష్యాలో హెర్మిటాజ్ మ్యూజియంలో ఉన్నాయి. మన పూరీ దగ్గర పిపిలిలో చాందువాల (గుడ్డ పందిళ్ల) మీద చేసే అతుకుపని కూడా ఆ కోవకి చెందినదే, గుడ్డ వేరు, అంతే. ఒడిశాలో ఉన్నవాళ్లకి పిపిలి కుట్టు చేతికి తెలిసినదే కాబట్టి ఫెల్ట్ మీద ఈ పని త్వరగా పట్టుబడుతుంది. చుట్టుకుట్టు సన్నగా వేస్తే చాలు.

ఎంబ్రాయిడరీ మాత్రం ఫెల్ట్ అయ్యాకే చెయ్యండి. ముందే నూలు దారంతో కుడితే గుడ్డ కుదించుకున్నాక కుట్లన్నీ వదులై లేచిపోతాయి. కాశ్మీర్ నమ్దాల (ఫెల్ట్ తివాచీల) మీద కొక్కెం సూదితో వేసే ఆరీ కుట్టు కూడా ఫెల్ట్ తయారయ్యాకే వేస్తారు.

ఇవన్నీ ముక్కల మీద చూసుకున్నాక భుజానికి తగిలించుకునే సంచి మొదలుపెట్టాను. 36 సెంటీమీటర్ల చతురస్రం కావాలి. నమూనా లెక్క ప్రకారం వెడల్పు 48, ఎత్తు 56 సెంటీమీటర్లు అల్లాలి. 88 కుట్లు ఎక్కించి రెండు ముక్కలు అల్లి, అదే ఊలుతో పక్కలు కలిపాను. పైన అంచుకి కోట్‌పాడ్ నూలు కుచ్చులు, ముందువైపు కొండలు, వలిసెలు. గోళీల బుడిపెలు సంచి మీద పెట్టలేదు. సరుకులతో నిండినప్పుడు బుడిపెలు లోపలికి నొక్కుకుపోతాయి. వాటికి తగిన చోటు టోపీ, కుషన్ కవరు. భుజం పట్టీని గుండ్రటి తాడులా అల్లి విడిగా ఫెల్ట్ చేశాను, అలా చేస్తే బరువుకి సాగదు. గోళీలు లేవు కాబట్టి సంచిని జిప్పున్న దిండు గలీబులో పెట్టి, రెండు పాత జీన్స్‌లతో కలిపి మెషిన్‌లో తిప్పాను. వేడినీళ్లు బకెట్‌తో పోసుకుని, కాసేపటికోసారి ఆపి చూసుకుంటూ. గలీబు లేకపోతే ఊడిన ఊలు నూగు మెషిన్ గొట్టంలో చేరి అడ్డుపడుతుంది. తియ్యగానే లోపల డాల్డా డబ్బాలు, పుస్తకాలు దూర్చి మూలలు లాగి నిలబెట్టాను. తడిమీద ఏ ఆకారంలో పెడితే ఆరాక అదే నిలుస్తుంది. వెడల్పు 36కి సరిగ్గా వచ్చింది, ఎత్తు 35 వచ్చింది.

లోపల నూలు గుడ్డ లైనింగ్ వేశాను. ఆ సంచితోనే సెమిలిగుడా సంతకి వెళ్తున్నాను. అల్లం, బంగాళాదుంపలు మోసినా ఆకారం చెడలేదు. పట్టీ రాసుకునే చోట నూగు ఉండలు కడుతోంది, చిన్న కత్తెరతో తీసేస్తున్నాను. కుచ్చులు తాకి చూసి నూలెక్కడిదని అడిగిన సంతలోని ఆడవాళ్లకి కోట్‌పాడ్ పేరు చెప్పాను.

ఆంటీ ఇప్పుడు మనవడికి ఇంట్లో తొడుక్కునే జోళ్లు కావాలంటున్నారు. పైభాగం కుంకుడు గింజల బుడిపెలతో, అడుగు ఏ కట్టూ లేకుండా వీలైనంత గట్టిగా ఫెల్ట్ చేసి, నున్నటి గచ్చు మీద జారకుండా కింద పాత జీన్స్ గుడ్డ కుట్టాలని అనుకున్నాం. పాదం కొలత 17 సెంటీమీటర్లు. ఆవిడ గింజలు ఏరి పెట్టారు, నేను నమూనా ముక్కకి కుట్లు ఎక్కించాను.